ఫ్యాక్టరీ లెక్క ఫ్యాక్టరీలో మొదలవలేదు: క్రాఫ్ట్ హైంజ్ మూసివేతల నేపథ్యం

2025 సెప్టెంబరు 2న అమెరికా ఆహార కంపెనీ క్రాఫ్ట్ హైంజ్ రెండు కంపెనీలుగా విడిపోతానని ప్రకటించింది. 2015లో ఎంతో ఆర్భాటంగా కలిసిన కంపెనీ ఇది. ఆ కలయిక పేరు మీద అమెరికా, కెనడాల్లో మూతపడిన ఫ్యాక్టరీలు విడిపోయినంత మాత్రాన తెరుచుకోవు. అవి ఎందుకు మూతపడ్డాయో తెలియాలంటే కంపెనీని కొన్న ధర దగ్గర మొదలుపెట్టాలి.

2013లో బ్రెజిల్ పెట్టుబడిదారుల సంస్థ 3జీ క్యాపిటల్, వారెన్ బఫెట్‌కు చెందిన బెర్క్‌షైర్ హాతవే కలిసి, అప్పులతో సహా సుమారు 2,800 కోట్ల డాలర్లకు కెచప్ కంపెనీ హైంజ్‌ను కొన్నాయి. 3జీ పద్ధతి అప్పటికే అందరికీ తెలుసు. వీళ్ల లెక్కలో ఏ ఖర్చూ పోయిన ఏడాది ఉంది కాబట్టి ఈ ఏడాదీ ఉండదు. ప్రతి శాఖ తన బడ్జెట్‌ను ఏటా సున్నా నుంచి రాసుకుని, ప్రతి పద్దుకూ కారణం చూపాలి. అదే ఏడాది నవంబరులో తొలి దెబ్బ పడింది. అమెరికాలోని ఫ్లోరెన్స్ (సౌత్ కరోలినా), పొకటెలో (ఐడహో), కెనడాలోని లీమింగ్టన్ ఫ్యాక్టరీలను మూసేస్తున్నామన్నారు. మొత్తం 1,350 ఉద్యోగాలు, అందులో 740 ఒక్క లీమింగ్టన్‌వే.

లీమింగ్టన్‌లో హైంజ్ 1909 నుంచి ఉంది. చుట్టుపక్కల టమాటా రైతులు ఆ ఫ్యాక్టరీని నమ్ముకునే నారు పోసేవారు. 2014 జూన్‌లో హైంజ్ వెళ్లిపోయాక ఫ్యాక్టరీ పూర్తిగా చచ్చిపోకుండా ఆపినవాటిలో ఒకటి కెనడా ఆహార నిబంధన. అక్కడ టమాటా జ్యూస్ అని అమ్మాలంటే తాజా కాయ నుంచే తీయాలి, చిక్కటి గుజ్జులో నీళ్లు కలిపి చేయకూడదు. తాజా కాయను దూరం మోయలేరు కాబట్టి పొలాల పక్కన ఒక ఫ్యాక్టరీ ఉండక తప్పదు. హైబరీ క్యాన్‌కో అనే స్థానిక సంస్థ ఆ ఫ్యాక్టరీని తీసుకుని, మునుపటి కంటే బాగా తక్కువ మందితో నడిపించింది. తర్వాత ఫ్రెంచ్స్ కంపెనీ తన కెచప్‌కు లీమింగ్టన్ టమాటాలే వాడింది. 2016 మార్చిలో లోబ్లాస్ దుకాణాలు ఆ కెచప్‌ను అరల నుంచి తీసేయబోతే జనం తిరగబడ్డారు, దుకాణాలు వెనక్కి తగ్గాయి. ఆఖరికి 2020 నవంబరులో క్రాఫ్ట్ హైంజ్ కెనడాకు కావాల్సిన కెచప్‌ను మళ్లీ కెనడాలోనే, క్విబెక్‌లోని మౌంట్ రాయల్ ప్లాంటులో చేస్తామని చెప్పుకోవాల్సి వచ్చింది. లీమింగ్టన్ పనివాళ్లకు మాత్రం ఆ ప్రకటన వల్ల ఒరిగిందేమీ లేదు.

2015 మార్చిలో క్రాఫ్ట్‌తో విలీనం ప్రకటించారు, జులై 2న అది పూర్తయింది. హైంజ్ వాటాదారులకు 51 శాతం, క్రాఫ్ట్ వాటాదారులకు 49 శాతం. క్రాఫ్ట్ వాటాదారులకు ఒక్కో షేరుకు 16.50 డాలర్ల చొప్పున, మొత్తం దాదాపు 1,000 కోట్ల డాలర్ల ప్రత్యేక డివిడెండు. ఆ ప్రకటనలోనే ఇంకో అంకె ఉంది: 2017 చివరికల్లా ఏడాదికి 150 కోట్ల డాలర్ల ఆదా. మూసివేతలకు అసలు మూలం ఈ అంకే. ఫలానా ఫ్యాక్టరీ నష్టాల్లో ఉంది కాబట్టి మూద్దామని ఎవరూ మొదలుపెట్టలేదు. ముందు మొత్తం ఖరారైంది, అది ఎక్కడి నుంచి రావాలన్నది తర్వాత వెతుక్కున్నారు.

ఆగస్టులో 2,500 ఉద్యోగాలు తీసేశారు. వీటిలో ఎక్కువ భాగం ఆఫీసు ఉద్యోగాలు. నవంబరు 4న ఏడు ఫ్యాక్టరీల పేర్లు బయటపడ్డాయి: కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్, శాన్ లియాండ్రో, మేరీల్యాండ్‌లో ఫెడరల్స్‌బర్గ్, పెన్సిల్వేనియాలో లీహై వ్యాలీ, న్యూయార్క్ రాష్ట్రంలో క్యాంప్‌బెల్, విస్కాన్సిన్‌లో మాడిసన్, కెనడాలో సెయింట్ మేరీస్. ఏడాది నుంచి రెండేళ్లలో 2,600 మంది పని పోతుందన్నారు. ఉత్తర అమెరికాలో ఆ కంపెనీ ఫ్యాక్టరీ సిబ్బందిలో ఇది సుమారు 14 శాతం.

ఇలాంటి జాబితా తయారయ్యే తీరు చాలా కంపెనీల్లో ఒకటే. ప్రతి తయారీ లైనూ గంటకు ఎంత సరుకు తీయగలదు, నిజంగా ఎంత తీస్తోందన్నది ముందు చూస్తారు. 60 శాతం సామర్థ్యంతో నడిచే రెండు ప్లాంట్లు ఉంటే, సరుకు రకాలను కొన్ని కోసేసి, మూడో షిఫ్టు పెట్టి, ఒకదానిలోకి సర్దవచ్చని కాగితం మీద తేలుతుంది. తర్వాత కిలోకు అయ్యే తయారీ ఖర్చు, ముడిసరుకు వచ్చే దూరం, సరుకు వెళ్లే దూరం, భవనం వయసు. ఈ చివరి పద్దు దగ్గరే పాత ఊళ్లు ఓడిపోతాయి. మాడిసన్‌లో క్రాఫ్ట్ వాళ్ల మాంసం బ్రాండు ఆస్కార్ మేయర్ 1919 నుంచి ఉంది. మాంసం పని పైఅంతస్తు నుంచి కిందికి దిగుతూ సాగే కాలంలో పెరిగిన ప్లాంటు అది. అంతస్తుల భవనంలో ప్రతి బండీ లిఫ్టెక్కాలి, నీళ్లు, ఆవిరి, చల్లదనం పైకి తోడాలి. ఒకే అంతస్తులో తిన్నగా సాగే కొత్త షెడ్డుతో పోలిస్తే కిలో లెక్కలో అది ఎప్పటికీ గెలవదు. అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో 20 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొత్త ప్లాంటు కట్టారు. ఆస్కార్ మేయర్ ప్రధాన కార్యాలయం షికాగోకు పోయింది. మాడిసన్‌లో ఉత్పత్తి 2017లో ఆగిపోయింది.

ఆ లెక్క రాతిమీద చెక్కింది కాదనడానికి క్యాంప్‌బెల్ సాక్ష్యం. స్ట్రింగ్ చీజ్ చేసే ఆ ప్లాంటు ఏడింటి జాబితాలో ఉంది. న్యూయార్క్ సెనెటర్ చక్ షూమర్ జోక్యం చేసుకున్నారు, రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల డాలర్ల సాయం ఇస్తానంది. తర్వాత క్యాంప్‌బెల్ పేరు జాబితాలోంచి పోయింది. ఆ రాష్ట్రంలోని మూడు ప్లాంట్లను కనీసం ఐదేళ్లు నడుపుతామని కంపెనీ ఒప్పుకుంది. మాడిసన్‌కు అలాంటి బేరం కుదరలేదు. చివరికి నికరంగా మూసినవి ఆరు.

అమెరికా చట్టం ఇలాంటి చోట అడిగేది ప్రధానంగా ముందస్తు నోటీసే. వంద మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ ఒకే చోట 50 మందికి, అంతకు మించి పని పోయేలా ఫ్యాక్టరీ మూస్తే 60 రోజుల ముందు చెప్పాలి. పరిహారం ఎంతన్నది యూనియన్ బేరం మీదో, యాజమాన్యం దయ మీదో ఆధారపడుతుంది. మన దగ్గర 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం 300 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీ మూయడానికి 90 రోజుల ముందు ప్రభుత్వ అనుమతికి దరఖాస్తు చేయాలి. ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కట్టాలి. పాత కేంద్ర చట్టంలో ఈ పరిమితి 100 మందే.

ఇక లైను తరలింపు. కాగితం మీద తేలిగ్గా కనిపించే ఈ పనిలోనే డబ్బు కారిపోతుంది. పాత చోట లైను ఆపి కొత్త చోట నిలబెట్టే లోపు దుకాణాలకు సరుకు అందాలి కదా, అందుకు ముందే స్టాకు చేసి పెట్టుకోవాలి. కెచప్‌కు ఇది ఇబ్బంది కాదు, నెలల తరబడి గిడ్డంగిలో ఉంటుంది. ముక్కలు కోసి ప్యాక్ చేసిన చల్లటి మాంసానికి ఆ వెసులుబాటు లేదు. అది వారాల లెక్కలో పాడవుతుంది, పైగా గడువు సగం అయిపోయిన ప్యాకెట్‌ను పెద్ద దుకాణాలు తీసుకోవు. కాబట్టి కొత్త లైను పూర్తిగా నిలదొక్కుకునే వరకు పాతది నడవాలి, రెండు చోట్లా జీతాలు కట్టాలి. తొందరపడితే అరలు ఖాళీ అవుతాయి, ఆ చోటును పోటీదారు పట్టేస్తాడు.

యంత్రం మారినంత తేలిగ్గా సరుకు మారదు. మాంసానికి పొగపెట్టే గదిలో తేమ కొంచెం తేడా వస్తే మాంసం బరువు ఎక్కువ తగ్గుతుంది. వేల టన్నుల మీద ఒక్క శాతం తరుగు పెరిగినా అనుకున్న ఆదాలో పెద్ద ముక్క పోతుంది. మాంసం ప్లాంట్లలో ఆహార భద్రతా ప్రణాళిక ఎక్కడిది అక్కడే రాయాలి. కొత్త ప్లాంటుకు అమెరికా వ్యవసాయ శాఖ ముందు 90 రోజుల షరతులతో కూడిన అనుమతే ఇస్తుంది, ఆ లోపు ప్రణాళిక పనిచేస్తోందని రుజువు చూపాలి. అన్నిటికంటే పెద్ద నష్టం మనుషులది. మూసివేత తేదీ తెలియగానే మొదట వెళ్లిపోయేది మెయింటెనెన్స్ ఫిట్టర్లు, ఎందుకంటే వాళ్లకు ఇంకో పని దొరుకుతుంది. చివరి రోజు వరకు ఉంటేనే అదనపు సొమ్ము అని కంపెనీలు షరతు పెట్టేది అందుకే. ముప్పై ఏళ్ల యంత్రం ఏ బేరింగు దగ్గర మొరాయిస్తుందో, ఏ వాల్వు ఎంత తిప్పితే సర్దుకుంటుందో ఏ డ్రాయింగులోనూ ఉండదు. ఆ జ్ఞానం లారీలో ఎక్కదు.

2017లో కంపెనీ ఆదా లక్ష్యాన్ని 170 కోట్లకు పెంచింది. 2019 ఫిబ్రవరిలో అసలు సంగతి బయటపడింది: క్రాఫ్ట్, ఆస్కార్ మేయర్ లాంటి బ్రాండ్లకు లెక్కల పుస్తకాల్లో చూపిన విలువను 1,540 కోట్ల డాలర్ల మేర తగ్గించి రాశారు, మూడు నెలల డివిడెండును 62.5 సెంట్ల నుంచి 40కి తగ్గించారు, షేరు ఒక్కరోజే 27 శాతం పడింది. 2018లో అనుకున్న ఆదా రాలేదనీ, తాము అతిగా ఆశపడ్డామనీ యాజమాన్యం ఒప్పుకుంది. 2021 సెప్టెంబరులో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ అభియోగాలను పరిష్కరించుకోవడానికి 6.2 కోట్ల డాలర్లు కట్టింది. 2015 చివరి నుంచి 2018 వరకు కొనుగోళ్ల విభాగం, సరఫరాదారుల నుంచి ఇంకా హక్కుగా రాని తగ్గింపులను ముందే ఆదాగా రాసుకుందన్నది ఆరోపణ. దాదాపు 20.8 కోట్ల డాలర్ల ఆదాను కంపెనీ తన లెక్కల్లో సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలు మూసి, మనుషులను తీసి, ఖర్చులు గీకి కూడా పైనుంచి వచ్చిన అంకె అందనప్పుడు ఒత్తిడి ఎటు పోతుందో ఈ కేసు చూపించింది.

ఇలాంటి విలీన వార్త విన్న యూనియన్ గానీ, ఊరు గానీ మొదట వెతకాల్సింది ఆదా లక్ష్యం ఎంత, ఏ తేదీకి అన్నది. దాన్ని మొత్తం తయారీ ఖర్చుతో పోలిస్తే మూసివేతలు ఏ స్థాయిలో ఉంటాయో అంచనా దొరుకుతుంది. తర్వాత కలిసిన కంపెనీకి అదే సరుకు చేసే ఇంకో ప్లాంటు ఎక్కడుంది, దానిలో పెట్టుబడి పెరుగుతోందా, మన ప్లాంటులో పెద్ద మరమ్మతులు వాయిదా పడుతున్నాయా అని చూడాలి. ప్రభుత్వంతో బేరానికి అదను జాబితా బయటపడ్డ మొదటి వారాల్లోనే.