తొలి విభజనల్లో తల్లి మాటే చెల్లుతుంది

మంచినీటి నత్తల్లో ఒక విచిత్రం ఉంది. కొన్ని జాతుల్లో ఎక్కువ నత్తలకు గుల్ల కుడివైపు చుట్టుకుంటే, ఏ కొద్దిటికో ఎడమవైపు చుట్టుకుంటుంది. ఇది జన్యువులను బట్టి వచ్చే తేడానే. కుడి చుట్టు జన్యువుదే పైచేయి కూడా. అయితే ఒక నత్త గుల్ల ఎటు తిరగాలో నిర్ణయించేవి దాని సొంత జన్యువులు కావు, తల్లి జన్యువులు. (నత్తలు ఉభయలింగ జీవులు. కాబట్టి ఇక్కడ తల్లి అంటే అండం ఇచ్చినది అనుకోవాలి.) తల్లిలో రెండూ ఎడమ చుట్టు జన్యువులే ఉంటే, తండ్రి నుంచి కుడి చుట్టు జన్యువు వచ్చినా సరే, పిల్లల గుల్లలన్నీ ఎడమకే తిరుగుతాయి. తండ్రి ఇచ్చిన జన్యువు ప్రభావం చూడాలంటే మనవల తరం దాకా ఆగాలి. 1920ల్లో నత్తలను తరాల తరబడి పెంచి చూసినప్పుడు ఈ లెక్కలు లక్షణాలు తరం నుంచి తరానికి ఎలా వస్తాయో చెప్పే మెండెల్ సూత్రాలకు సరిపోలేదు. 1923లో అమెరికన్ జన్యుశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ ఆ చిక్కు విప్పాడు. మెండెల్ లెక్క సరిగ్గానే ఉంది, కాకపోతే ఒక తరం ఆలస్యంగా బయటపడుతోంది.

ఎందుకీ ఆలస్యం? పిండం తన బతుకు మొదలుపెట్టే తీరులోనే దీనికి జవాబు ఉంది. శుక్రకణం మోసుకొచ్చేది దాదాపుగా ఒక కేంద్రకాన్ని మాత్రమే. అండం అలా కాదు. అది తల్లి కడుపులో తయారవుతున్నప్పుడే ప్రోటీన్లను, ప్రోటీన్ల తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏ సందేశాలను, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలను తనలో నింపుకుంటుంది. ఫలదీకరణ తర్వాత మొదటి కొన్ని విభజనలు ఈ నిల్వతోనే నడిచిపోతాయి. అమ్మానాన్నల నుంచి చెరో సగం వచ్చిన కొత్త జన్యువులు అప్పటికే కేంద్రకంలో ఉంటాయి, ప్రతి విభజనలో వాటికి నకళ్లూ తయారవుతుంటాయి. కానీ వాటిలో రాసి ఉన్నది ఇంకా ఎవరూ చదవరు.

ఈ మాట నిజమో కాదో తేల్చిన ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది 1936లో శాస్త్రవేత్త ఎథెల్ బ్రౌన్ హార్వే చేసినది. ఆమె సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి అండాలను సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిరగిరా తిప్పే యంత్రంలో తిప్పి ఒక్కోదాన్ని రెండు ముక్కలయ్యేలా చేశారు. కేంద్రకం ఒక ముక్కలోకే వెళ్లింది. కేంద్రకం లేని రెండో ముక్కకు శుక్రకణాన్ని కూడా ఇవ్వకుండా, ఉప్పు గాఢత పెంచిన సముద్రపు నీటిలో ఉంచి ఉత్తేజపరిచారు. అది విభజన మొదలుపెట్టింది! కేంద్రకం అన్నదే లేకుండా వందల కణాల ముద్దగా మారింది. అయితే అక్కడితో సరి. అందులో పేగు ఏర్పడలేదు, ముందువైపు వెనకవైపు అన్న తేడా రాలేదు. విడిపోవడానికి తల్లి ఇచ్చిన సరుకు చాలుతుంది, జంతువుగా రూపు కట్టడానికి చాలదు.

తొలి విభజనల వేగం చూస్తే ఈ ఏర్పాటు ఎందుకో కొంత అర్థమవుతుంది. ఆఫ్రికా జాతి కప్ప జెనోపస్ పిండం దాదాపు అరగంటకోసారి చొప్పున 12 సార్లు విడిపోయి సుమారు 4,000 కణాలవుతుంది. పిండం పరిమాణం మాత్రం పెరగదు, ఉన్న అండమే చిన్న చిన్న కణాలుగా చీలుతుంది. డ్రోసోఫిలా ఈగ పిండం ఇంకా తొందర పడుతుంది. కణాల మధ్య గోడలు కట్టే పని పక్కనపెట్టి, కేవలం కేంద్రకాలను 13 సార్లు రెట్టింపు చేసుకుంటుంది. మొదట్లో ఒక్కో విడతకు పది నిమిషాలు కూడా పట్టదు. అంత తక్కువ వ్యవధిలో పొడవైన జన్యువును మొదటి నుంచి చివరి దాకా చదవడం కుదరని పని. బయట పెట్టిన గుడ్డు ఎవరికైనా ఆహారమైపోవచ్చు కాబట్టి అక్కడ తొందర అవసరం. గర్భంలో భద్రంగా ఉండే మనిషి పిండానికి ఆ టెన్షన్ లేదు, మొదటి విభజనకే అది ఒక రోజు తీసుకుంటుంది.

తల్లి ఇచ్చే నిల్వలో ముడిసరుకుతో పాటు ఆదేశాలూ ఉంటాయి. డ్రోసోఫిలా తల్లి, అండం ఒక కొసన బైకాయిడ్ అనే జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏను పేర్చి పెడుతుంది. తల ఆ కొసనే వస్తుంది. తల్లిలో ఆ జన్యువు రెండు ప్రతులూ పాడైతే, తండ్రి మంచి ప్రతి ఇచ్చినా పిల్ల పిండానికి తల, ఛాతీ ఏర్పడవు. నత్త కథ కూడా ఇదే దారిలో నడుస్తుంది. నాలుగు కణాలు ఎనిమిదయ్యేటప్పుడు పైన ఏర్పడే చిన్న కణాలు ఎటు మెలి తిరుగుతాయన్నది తల్లి పెట్టిన ప్రోటీన్ల మీద ఆధారపడుతుంది. 2009లో జపాన్‌కు చెందిన రెయికో కురోడా బృందం సన్నని గాజు కడ్డీలతో ఆ కణాలను ఎదురు దిశలోకి నెట్టి చూసింది. ఆ పిండాలు పెరిగి, తిరగబడిన గుల్లలున్న ఆరోగ్యమైన నత్తలయ్యాయి. వాటి పిల్లలు మాత్రం మళ్లీ జన్యువులు చెప్పిన వైపుకే తిరిగాయి.

మరి సొంత జన్యువులు పనిలోకి దిగే సమయం పిండానికి ఎలా తెలుస్తుంది? 1982లో జాన్ న్యూపోర్ట్, మార్క్ కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు కప్ప పిండాల్లో దీన్ని పరిశీలించారు. అక్కడ లెక్కలోకి వచ్చేది గడిచిన గంటలు కాదు, కణద్రవ్యంతో (కేంద్రకం చుట్టూ కణంలో నిండి ఉండే పదార్థంతో) పోలిస్తే డీఎన్‌ఏ ఎంత ఉందన్న నిష్పత్తి. అండంలోని కణద్రవ్యం పెరగదు, డీఎన్‌ఏ మాత్రం ప్రతిసారీ రెట్టింపవుతుంది. జన్యువులను మూసి ఉంచే తల్లి ప్రోటీన్లు ఒక దశలో పెరిగిన డీఎన్‌ఏకు సరిపోవు, అప్పుడు చదవడం మొదలవుతుంది. ఈ దశ దాటాక పాత సందేశాలను తుడిచేయాలి కూడా. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండం సొంతంగా తయారుచేసుకునే తొలి ఆర్‌ఎన్‌ఏల్లో ఒకటైన మిర్-430కు అదే పని. అది తల్లి నుంచి వచ్చిన వందల రకాల సందేశాలను వెతికి నాశనం చేయిస్తుంది.

మనిషిలో ఈ అప్పగింత ప్రధానంగా నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో, అంటే ఫలదీకరణ జరిగిన మూడో రోజు ప్రాంతంలో జరుగుతుంది. ఐవీఎఫ్ ల్యాబుల్లో ఎన్నో పిండాలు ఆ దశలోనే ఆగిపోతుంటాయి. చాలావరకు క్రోమోజోముల సంఖ్యలో తేడాలు ఇందుకు కారణమైనా, కొందరు మహిళల విషయంలో మూలం వేరే చోట ఉంది. పీఏడీఐ6 అనే జన్యువు అండానికి కావలసిన ఒక ప్రోటీన్‌ను ఇస్తుంది. ఆ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న మహిళ పూర్తి ఆరోగ్యంగానే ఉంటుంది, అండాలూ చూడ్డానికి బాగానే ఉంటాయి, ఫలదీకరణా జరుగుతుంది. కానీ పిండాలు కొద్ది కణాల దగ్గరే ఆగిపోతాయి. భర్త నుంచి మంచి ప్రతి వచ్చినా లాభం ఉండదు, ఎందుకంటే దాన్ని చదివే వేళ వచ్చేలోపే పిండం ఆగిపోతోంది. ఇలాంటి జంటలకు ఎన్ని ఐవీఎఫ్ సైకిల్స్ చేసినా ఫలితం మారదు కాబట్టి, తల్లి జన్యు పరీక్షలో ఈ లోపం తేలితే డాక్టర్లు దాత అండం గురించి మాట్లాడతారు.