2011లో మూడో కోడ్ ఏమైంది?

2027 జనగణన సమీపిస్తుండగా ట్రాన్స్‌జెండర్లను ఎలా లెక్కించాలన్న వాదన మళ్లీ రాజుకుంది. ఆరోగ్య పథకాల నిధులకు జనాభా లెక్కలే ఆధారం కనుక పట్టుదలా పెరిగింది. ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పు, వారి హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం పాఠకులకు తెలిసినవే. అసలు ముడి అంతకన్నా ముందు, 2011లో పడింది.

ఆ ఏడాది ఫారంలో లింగం గడికి పురుషులకు 1, స్త్రీలకు 2, ఇతరులకు 3 అని కోడ్‌లు ఇచ్చారు. దేశం మొత్తంలో 4,87,803 మంది మూడో కోడ్ కింద నమోదయ్యారు. ఉత్తరప్రదేశ్ తర్వాత ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 43,769. తీరా ప్రధాన పట్టికలు వెలువడినప్పుడు వీళ్లందరినీ పురుషుల మొత్తంలో కలిపేశారు. విడి లెక్క ఆ తర్వాత వచ్చింది.

తాము ట్రాన్స్‌జెండర్లను ప్రత్యేకంగా లెక్కించలేదని, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నామని జనగణన శాఖ అంటుంది. కాదనలేం. కానీ ఇంటికొచ్చి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్‌కు జవాబిచ్చింది ఎవరు? సాధారణంగా ఇంటిపెద్ద. కొడుకుగా పెంచిన బిడ్డ గురించి అడిగితే చాలామంది తండ్రులు 1 అనే చెబుతారు. ఇల్లు విడిచి హిజ్రా సమూహంలోని గురువు దగ్గర చేరినవారికి పుట్టింటి లెక్కలో చోటే ఉండదు. మూడో కోడ్ కింద చేరినవారిలో 54,854 మంది ఆరేళ్లలోపు పిల్లలు. అది వాళ్లు చెప్పుకున్న గుర్తింపు కాదు, పెద్దలు చెప్పింది.

జాబితా అంటేనే భయపడటానికీ కారణముంది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం హైదరాబాద్‌లోని హిజ్రాల పేర్లు, చిరునామాలతో రిజిస్టరు పెట్టించింది. స్త్రీల దుస్తుల్లో బయట కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023లో. తమ పేర్లు రాసుకోమన్న చట్టం ఒక శతాబ్దం పాటు పుస్తకాల్లో ఉన్నప్పుడు గుమ్మంలోకి వచ్చిన ఉద్యోగిని వెంటనే నమ్మాలని ఎలా అడగగలం?

విడిగా చూస్తే ఏం తెలుస్తుందో హెచ్‌ఐవీ నిఘాలో, అంటే ఎవరిలో ఆ వైరస్ ఎంత ఉందో తెలుసుకునే ప్రభుత్వ సర్వేలో బయటపడింది. చాలాకాలం హిజ్రాలను పురుషులతో సంబంధాలున్న పురుషుల గుంపులోనే వేశారు. వేరుచేసి చూసిన 2017 నిఘాలో హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో హెచ్‌ఐవీ 3.14 శాతం, ఆ గుంపులో 2.69 శాతం. దేశంలోని వయోజనుల్లో అంచనా 0.22 శాతమే.

ఆసుపత్రి ఓపీ చీటీలో ఇప్పటికీ చాలాచోట్ల ఒకటే గడి. పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై ఇప్పుడు పురుషుడిగా జీవిస్తున్న వ్యక్తి ‘పు’ అని రాయిస్తే, 30–65 ఏళ్ల స్త్రీలకు చేసే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు ఆయనను పిలిచేవారుండరు. ‘స్త్రీ’ అని రాయిస్తే, పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ వాడుతున్నందున పెరిగిన హిమోగ్లోబిన్‌ను స్త్రీల ప్రమాణంతో కొలిచి లేని జబ్బును వెతుకుతారు. పుట్టినప్పుడు ఏమని నమోదైంది, ఇప్పుడు తమను ఎలా గుర్తించుకుంటున్నారు అని రెండు ప్రశ్నలు విడిగా అడిగితే ఈ రెండు పొరపాట్లూ తప్పుతాయి. లింగం గడిని ముట్టుకోవద్దనేవారి అభ్యంతరం, అంటే శరీర సంబంధమైన వివరం పోతుందన్న భయం కూడా, మొదటి ప్రశ్నతోనే తీరుతుంది.

ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్య ఖర్చు భరించే ఆయుష్మాన్ భారత్ ట్రాన్స్‌జెండర్ పథకానికి 2022లో ఒప్పందం కుదిరింది. అందులో చేరాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి. ఆ పత్రం తీసుకోనివారూ ఉంటారు కనుక పత్రాల సంఖ్యనే జనాభాగా చూపవద్దని ట్రాన్స్‌జెండర్ల సంఘాలు పట్టుబడుతున్నాయి. ఈసారి ఆన్‌లైన్‌లో స్వయంగా వివరాలు నమోదు చేసే వీలుంది. అయితే ఆ ఫారం కూడా కుటుంబం తరఫున ఒకరు నింపేదే. ఇంటిపెద్ద ప్రమేయం లేకుండా ఎవరి జవాబు వారే ఇచ్చే దారి 2027 ఫిబ్రవరిలో మొదలయ్యే వ్యక్తుల లెక్కింపు నాటికైనా పెట్టాలి.