రెండు నిమిషాల పరీక్షకు ఆరు దశాబ్దాలు

మలేరియాలో ఒక రకమైన వైవాక్స్ మలేరియా జ్వరం తగ్గినంత మాత్రాన వదిలిపోదు. రక్తంలోని పరాన్నజీవులు మందులకు చచ్చినా, కాలేయ కణాల్లో నిద్రాణంగా దాగిన రూపాలు వారాలకో నెలలకో మేల్కొని జ్వరాన్ని తిరగబెట్టిస్తాయి. వాటిని చంపగలిగేవి 8-అమినోక్వినోలిన్ వర్గానికి చెందిన మందులే. చిక్కేమిటంటే, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపించినవారిలో ఇవి ఎర్ర రక్తకణాలను చిట్లగొడతాయి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారుతుంది, కళ్లు పచ్చబడతాయి, ఒక్కోసారి రక్తం ఎక్కించవలసి వస్తుంది.

ఈ వర్గంలో తొలి మందు పామాక్విన్ 1920లలో జర్మనీ నుంచి వచ్చింది. దానితో కొందరికి రక్తకణాలు పగిలిపోతున్నాయని వైద్యులు త్వరలోనే గమనించినా, ఆ కొందరికే ఎందుకన్నది అంతుచిక్కలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జావా సింకోనా తోటలు జపాన్ చేతికి చిక్కి క్వినైన్ సరఫరా తెగిపోవడంతో, అమెరికా కొత్త మందుల కోసం భారీ అన్వేషణ చేపట్టింది. ఇదే వర్గానికి చెందిన ప్రిమాక్విన్ అందులోనుంచి పుట్టింది. కొరియా యుద్ధం నుంచి ఓడల్లో తిరిగివస్తున్న సైనికులకు రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు దీన్ని ఇచ్చారు.

అసలు కారణం ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైలులో తేలింది. ఖైదీలపై జరిపిన ఆ ప్రయోగాల్లో వారి సమ్మతికి ఎంత విలువ ఉందన్న ప్రశ్న నేటికీ తీరలేదు. ఈ విజ్ఞానానికి పునాది మాత్రం అక్కడే పడింది. మందు పడని వ్యక్తి రక్తకణాలకు రేడియోధార్మిక క్రోమియం గుర్తు వేసి, మందు తట్టుకోగల వ్యక్తికి ఎక్కించి ప్రిమాక్విన్ ఇస్తే, ఎక్కించిన కణాలే చిట్లాయి. లోపం మనిషి ఒంట్లో మరెక్కడో కాదు, కణంలోనే ఉందని ఆ విధంగా రుజువైంది. ఆ లోపం జీ6పీడీ కొరతేనని 1956లో, ఆ ప్రయోగాలు నడిపిన ఆల్వింగ్ బృందం ప్రకటించింది.

పరీక్ష రావడానికి అట్టే కాలం పట్టలేదు. 1960లలో రక్తవ్యాధుల నిపుణుడు ఎర్నెస్ట్ బ్యూట్లర్ రూపొందించిన విధానంలో, రసాయనం కలిపిన రక్తాన్ని వడపోత కాగితంపై చుక్కగా వేసి, ఆరాక చీకటిలో అతినీలలోహిత దీపం కింద చూస్తారు. చుక్క వెలిగితే ఎంజైమ్ ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. కానీ శీతల నిల్వ, దీపం, చేయితిరిగిన సిబ్బంది కావలసిన ఈ పరీక్ష పట్టణ ప్రయోగశాలలు దాటలేదు. వైవాక్స్ రోగులు ఎక్కువగా ఉండేది వాటికి దూరంగానే. అందువల్ల కొన్నిచోట్ల పరీక్ష లేకుండానే ప్రిమాక్విన్ ఇచ్చారు, మరికొన్నిచోట్ల భయపడి అసలు ఇవ్వలేదు. రెండో దారి సురక్షితమనిపించినా, పదేపదే తిరగబెట్టే జ్వరంతో రక్తహీనత పాలైనవారిని ఎవరూ ఆ మందు ఇవ్వకపోవడం ఖాతాలో లెక్కవేయలేదు.

చుక్క పరీక్షకు మరో గుడ్డితనం ఉంది. జీ6పీడీని తయారుచేయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. పురుషుడికి ఆ క్రోమోజోమ్ ఒకటే కనుక లోపం ఉందో లేదో ఇంచుమించు స్పష్టంగా తేలుతుంది. ఒక ఎక్స్‌లో మాత్రమే లోపమున్న స్త్రీలో మంచి కణాలూ లోపమున్న కణాలూ కలగలిసి ఉంటాయి. ఎంజైమ్ సగానికి అటూ ఇటూ ఉన్న అలాంటి స్త్రీల రక్తపు చుక్క కూడా వెలుగుతుంది. ఎంజైమ్ మామూలు స్థాయిలో సుమారు 30 శాతం కంటే తక్కువ ఉన్నవారినే ఆ విధానం నమ్మకంగా పట్టగలదు.

2018లో అమెరికా అనుమతి పొందిన, ఇదే వర్గపు మందు టాఫెనోక్విన్‌తో ఈ లోటును పట్టించుకోక తప్పలేదు. ఒక్క మోతాదుతో పని ముగించే ఈ మందు ఒంట్లో వారాలపాటు నిలుస్తుంది; ప్రిమాక్విన్‌లా ఇబ్బంది కనబడగానే ఆపేసే వీలు లేదు. కాబట్టి ఎంజైమ్ 70 శాతానికి పైగా ఉందని అంకెతో సహా తేలితేనే ఇవ్వాలన్న షరతు వచ్చింది. వేలికొన నుంచి తీసిన చుక్క రక్తంతో రెండు నిమిషాల్లో ఎంజైమ్‌నూ హిమోగ్లోబిన్‌నూ కొలిచే చేతి పరికరం క్షేత్రస్థాయికి చేరింది ఈ అవసరం వల్లే. అలాంటి పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో తొలిసారి ముందస్తు అర్హత (నాణ్యత పరిశీలించి ఇచ్చే ఆమోదం) ఇచ్చింది. ఎంజైమ్ 30 శాతం లోపున్నవారికీ దారి ఉంది: వైద్యుల కనిపెట్టులో, వారానికోసారి చొప్పున ఎనిమిది వారాల ప్రిమాక్విన్.

పరికరం అంకె చూపినా చదివేవారికి ఒక జాగ్రత్త అవసరం. రక్తకణాలు అప్పుడే చిట్లి ఉంటే, వాటి స్థానంలో వచ్చిన లేత కణాల్లో ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది కనుక, లోపమున్న మనిషి రక్తం కూడా ఆ కొద్దిరోజులు మెరుగ్గా కనబడవచ్చు.