షార్త్ర్ కథెడ్రల్: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల పరిరక్షణ నా వృత్తి. ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కథెడ్రల్‌ను (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చిని) చూసి వచ్చినవారితో మాట్లాడినప్పుడల్లా కొన్ని పొరపాటు అభిప్రాయాలే మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. వెళ్లేముందే వాటిని సరిచేసుకుంటే అక్కడ గడిపే పూట మరింత సార్థకమవుతుంది.

అపోహ: వెలుపల కనిపించే రాతి కమానులు అందం కోసం కట్టినవి.

వాస్తవం: ఆ కమానులు లేకపోతే లోపలి కప్పు నిలవదు. నేల నుంచి సుమారు 37 మీటర్ల ఎత్తున ఉన్న రాతి కప్పు తన బరువును కిందికి దించడంతోపాటు గోడలను రెండు పక్కలకూ తోస్తుంది. ఆ తోపును వెలుపలి కమానులు అందుకుని, వాటి చివర నిలబెట్టిన భారీ రాతి దిమ్మెల మీదుగా పునాదికి చేరవేస్తాయి. గోడ మీద భారం అంతగా తగ్గడం వల్లనే దానిలో అంతంత పెద్ద కిటికీలు తెరవడం సాధ్యమైంది. మన మెదక్ చర్చిలో చూసే కోసుదేరిన కమాను ఇక్కడ కూడా ఉంది; అదే వెడల్పున్న గుండ్రటి కమాను కంటే దాని పక్కతోపు తక్కువ. బయట నిలబడి తలెత్తి చూడండి: కింది రెండు వరుసల కమానుల నడుమ, బండి చక్రపు ఆకుల్లా అమర్చిన పొట్టి స్తంభాలు కనిపిస్తాయి. ఆ కట్టడం మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన భాగం అదే.

అపోహ: ఇటువంటి కథెడ్రళ్లన్నిటికీ వందల ఏళ్లు పట్టింది.

వాస్తవం: 1248లో మొదలై 1880లో పూర్తయిన జర్మనీలోని కొలోన్ కథెడ్రల్ విషయంలో అది నిజం. షార్త్ర్‌లో మాత్రం 1194 అగ్నిప్రమాదం తరువాత చేపట్టిన ప్రధాన నిర్మాణం సుమారు 30 ఏళ్లలో చాలావరకు ముగిసింది. పడమటి ద్వారాల శిల్పాలు ఆ ప్రమాదానికి ముందువి, ఉత్తర గోపురపు శిఖరం 16వ శతాబ్దం ఆరంభం నాటిది. రెండు గోపురాలూ ఒకదానికొకటి పోలకపోవడానికి ఈ కాలభేదమే కారణం.

అపోహ: కిటికీల గాజు శతాబ్దాలుగా కిందికి జారి అడుగున మందంగా మారింది.

వాస్తవం: మామూలు వాతావరణంలో గాజు కొలవదగినంతగా జారదు. నోటితో ఊది చేసిన గాజు పలక అంతటా ఒకే మందంలో రాదు, అంతే.

అపోహ: నల్లబడిన రాయే అసలు రూపం, ఇటీవల కొత్త రంగు పూసి పాడుచేశారు.

వాస్తవం: కొవ్వొత్తుల పొగ, దుమ్ము పేరుకుని ఏర్పడిన మసిని ఈ శతాబ్దంలో తొలగించినప్పుడు, దాని అడుగున 13వ శతాబ్దపు లేత పసుపు పూత, దాని మీద రాళ్ల అతుకుల్లా గీసిన తెల్లని గీతలు బయటపడ్డాయి. గోడలు తేటపడితే రంగుటద్దాల మెరుపు తగ్గుతుందన్న అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను, చీకటిలో ఆ అద్దాల నీలం రంగు మరింత గాఢంగా వెలుగుతుందన్న మాట నిజమే. అయినా ఆ అద్దాలలో అధికభాగం బిగించిన శతాబ్దంలోనే ఈ పూత కూడా వేశారు కనుక, రెంటినీ కలిపి చూడటమే సరైనదని నా అభిప్రాయం.