ఒక్క పోగుతో భోగి టోపీ

పొందూరు ఖద్దరు పంచెను రెండు చేతులా పట్టుకుని అడ్డంగా ఎంత లాగినా సాగదు, నిలువుగా లాగినా సాగదు. మూల నుంచి మూలకు ఏటవాలుగా లాగితే మాత్రం కొంచెం జరుగుతుంది. ఒంటిమీది బనియన్ అలా కాదు, ఎటు లాగితే అటు సాగి, వదలగానే మళ్లీ మొదటికి వస్తుంది. రెండూ పత్తితో చేసినవే. తేడా పత్తిలో లేదు, పోగు నడిచిన దారిలో ఉంది. ఇంట్లో రెండు సూదులు పట్టుకుని పిల్లలకు ఊలు టోపీ అల్లేవారికి ఈ ఒక్క విషయం తెలిస్తే, టోపీ ఎందుకు బిగుసుకుంటుందో, ఎందుకు వదులవుతుందో, అంచు ఎందుకు చుట్టుకుపోతుందో, అసలు అది వెచ్చగా ఎందుకు ఉంటుందో దాదాపు అంతా తెలిసినట్టే.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, సన్నని నూలు వడికి, మగ్గం మీద నేస్తారు. నేతలో పడుగు ఒక దిక్కున బిగువుగా నిలబడుతుంది, పేక దాన్ని అడ్డంగా దాటుతూ పోతుంది. రెండు పోగులూ ఇంచుమించు తిన్నగానే ఉంటాయి కాబట్టి, బట్టను లాగడమంటే పోగునే లాగడం. నూలు పోగు తనంతట తాను సాగేది చాలా తక్కువ. అల్లికలో పడుగూ లేదు, పేకా లేదు. ఉన్నది ఒకే పోగు. అది ఉచ్చులా వంగి, కింది వరుసలోని ఉచ్చులోంచి దూరి, పై వరుసలో రాబోయే ఉచ్చుకు దారి ఇస్తుంది. లాగినప్పుడు సాగేది పోగు కాదు, ఉచ్చు ఆకారం మారుతుంది. గుండ్రనిది కోలగా అవుతుంది, వదలగానే వంగిన పోగు తన పాత వంపుకు చేరుకుంటుంది. బనియన్‌ను యంత్రం అల్లినా, టోపీని చేత్తో అల్లినా సూత్రం ఇదే.

ధనుర్మాసం మొదలైన దగ్గర నుంచి మా విజయనగరంలో తెల్లవారుజామున మంచు దిగుతుంది. భోగి నాడు చీకటితోనే లేచి, పిడకల దండ పట్టుకుని మంట దగ్గరకు పరుగెత్తే అయిదేళ్ల మనవరాలికి ఈసారి ఒక టోపీ కావలసి వచ్చింది. మూడు లాంతర్ల దగ్గర కొన్న బంతిపువ్వు రంగు ఊలు ఉండ ఒకటి, ఎనిమిదో నంబరు సూదుల జత ఒకటి తీసుకుని కూర్చున్నాను. మన దుకాణాల్లో ఇప్పటికీ పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తున్నాయి. ఎనిమిదో నంబరు అంటే 4 మిల్లీమీటర్ల సూది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, పదో నంబరు 3.25 మిల్లీమీటర్లు. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని తిరగేసి అనుకోవడం మామూలే కనుక ముందే చెబుతున్నాను.

టోపీ మొదలుపెట్టేటప్పుడు ఎన్ని కుట్లు, అంటే సూది మీద ఎన్ని ఉచ్చులు, ఎక్కించాలన్నదే మొదటి ప్రశ్న. మనవరాలి తల చుట్టుకొలత 50 సెంటీమీటర్లు. టోపీ అంతే ఉంటే పరుగెత్తినప్పుడు కళ్ల మీదికి జారుతుంది. ఉచ్చులు కాస్త సాగి తలను పట్టుకోవాలంటే టోపీ చుట్టుకొలత పది పన్నెండు శాతం తక్కువగా ఉండాలి, అంటే సుమారు 44 సెంటీమీటర్లు. ఆ ఊలుతో, ఆ సూదులతో, నా చేతి బిగువుతో అల్లిన నమూనా ముక్కలో 10 సెంటీమీటర్ల వెడల్పుకు 20 కుట్లు, 10 సెంటీమీటర్ల ఎత్తుకు 28 వరుసలు వచ్చాయి. సెంటీమీటరుకు రెండు కుట్లు కాబట్టి 88 కుట్లు. ఆ సంఖ్య నాలుగుతోనూ ఎనిమిదితోనూ భాగింపబడటం కూడా మనకు కలిసివచ్చే విషయమే. దాని అవసరం ముందు ముందు పడుతుంది.

నమూనా ముక్క అల్లడం వృథా శ్రమ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, చాలా ఏళ్ల కిందట ఒక టోపీకి ఆ పని మానేశాను. చేయి బిగువుగా నడిచి 10 సెంటీమీటర్లకు 22 కుట్లు పడ్డాయి. 88ని 2.2తో భాగిస్తే 40 సెంటీమీటర్లు. వేసుకున్న బిడ్డ నుదుటి మీద ఎర్రగా గీత పడింది. పది సెంటీమీటర్లలో రెండు కుట్ల తేడా కంటికి ఆనదు, కానీ తల చుట్టూ తిరిగి వచ్చేసరికి నాలుగు సెంటీమీటర్లు అవుతుంది.

ఈ లెక్క వెనుక ఒక అందమైన నియమం ఉంది. 1959లో డి.ఎల్. మండెన్ అనే బ్రిటిష్ జౌళి శాస్త్రవేత్త, సాదా అల్లిక బట్టను లాగకుండా, నలపకుండా దాని సహజ స్థితికి రానిస్తే, దాని కొలతలను ప్రధానంగా నిర్ణయించేది ఒక్కో కుట్టులో ఇమిడిన పోగు పొడవేనని చూపాడు. ఆయన లెక్క ప్రకారం ఒక కుట్టులోని పోగు పొడవు ఆ కుట్టు వెడల్పుకు దాదాపు నాలుగింతలు ఉంటుంది. మన కుట్టు వెడల్పు అర సెంటీమీటరు, కనుక అందులో దాగిన ఊలు రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. 88 కుట్ల వరుస ఒకటి విప్పి నేల మీద పరచి కొలిచాను. టోపీలో 44 సెంటీమీటర్లు ఉన్న వరుస నేల మీద 1 మీటరు 70 సెంటీమీటర్లు వచ్చింది. నాలుగింతల పొడవున్న పోగు ఒకింత చోటులో వంకరలు తిరిగి కూర్చుని ఉన్నప్పుడు ఆ బట్ట సాగడంలో ఆశ్చర్యం ఏముంది!

చేత్తో అల్లే టోపీలో మూల కుట్లు రెండే. ఉచ్చును వెనక నుంచి ముందుకు లాగితే నిట్, ముందు నుంచి వెనక్కి లాగితే పర్ల్. నిజానికి ఇవి రెండు కావు, ఒకే కుట్టును ముందు వైపు నుంచి చూస్తే నిట్, వెనక వైపు నుంచి చూస్తే పర్ల్. అయినా వీటిని ఏ వరుసలో పేర్చామన్న దాన్ని బట్టి బట్ట స్వభావం పూర్తిగా మారిపోతుంది. ముందు వైపు అంతా నిట్ ఉండేలా అల్లిన ముక్కను బల్ల మీద పెట్టండి. పైఅంచు, కింది అంచు ముందు వైపుకూ, పక్క అంచులు వెనక వైపుకూ చుట్టుకుపోతాయి. పాత బనియన్‌ను కత్తిరించి అంచును లాగి చూసినా ఇదే కనిపిస్తుంది. బలవంతంగా వంచిన ప్రతి ఉచ్చూ విచ్చుకోవాలని చూస్తుంది. ఉచ్చు తల (పై వంపు), పాదాలు (కింది వంపులు) ఒక వైపున, కాళ్లు (నిలువు పక్కలు) మరో వైపున ఉన్నందువల్ల రెండు వైపులా ఆ ఒత్తిడి సమానంగా ఉండదు. ఒక్క కుట్టులో అది లెక్కకు రాదు, వందల కుట్లలో ఒకే దిక్కున చేరితే అంచు చుట్టచుట్టుకుంటుంది.

అందుకే టోపీ అంచును రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున అల్లుతారు. 88 నాలుగుతో భాగింపబడటం ఇక్కడ పనికి వచ్చింది. పక్కపక్క నిలువు పట్టీలు ఒకదాని వంపును మరొకటి రద్దు చేస్తాయి, అంచు చుట్టుకోదు. అంతేకాదు, నిట్ పట్టీలు ముందుకు పొంగి, పర్ల్ పట్టీలు వెనక్కి తగ్గి, బట్ట మడతల విసనకర్రలా దగ్గరకు ముడుచుకుంటుంది. తల మీద పెట్టగానే మొదట ఆ మడతలు విచ్చుకుంటాయి, ఆ తరువాతే ఉచ్చులు సాగుతాయి. టోపీ అంచు నొప్పి పెట్టకుండా పట్టి ఉంచడంలోని కిటుకు ఇదే. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త ఎలిసబెట్టా మత్సుమోటో బృందం సరిగ్గా ఇలాంటి అల్లికలనే యంత్రానికి బిగించి లాగి కొలిచింది. సాదా (ముందు వైపు అంతా నిట్), గార్టర్ (ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్), రిబ్ (మన టోపీ అంచు లాంటిది), సీడ్ (కుట్టు కుట్టుకూ నిట్, పర్ల్ మారేది) అనే నాలుగు అల్లికల సాగుడును పోల్చి, కుట్ల అమరిక మార్చడం ద్వారానే బట్ట సాగే తీరును కోరుకున్నట్టు మలచవచ్చని 2024లో ఆ బృందం ప్రకటించింది. ఆ పరిశోధన గురించి చదివినప్పుడు, మా అమ్మ తరం ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని వేళ్లతో చేసిన పని ఎంత లోతైన పదార్థ విజ్ఞానమో అనిపించి నా మనసు నిండిపోయింది.

అంచుతో కలిపి 12 సెంటీమీటర్లు, అంటే 34 వరుసలు తిన్నగా అల్లాక, టోపీ శిఖరం మొదలవుతుంది. ఇక్కడ కుట్లు తగ్గించాలి. ఎంత వేగంగా తగ్గించాలన్నది వృత్తం చెబుతుంది. వృత్తం మధ్యకు ఒక సెంటీమీటరు దగ్గరైతే చుట్టుకొలత 6.28 సెంటీమీటర్లు తగ్గుతుంది. మన అల్లికలో ఒక వరుస ఎత్తు 0.36 సెంటీమీటర్లు, కాబట్టి వరుసకు చుట్టుకొలత 2.25 సెంటీమీటర్లు, అంటే నాలుగున్నర కుట్లు తగ్గితే శిఖరం అప్పడంలా చదునుగా వస్తుంది. రెండు వరుసలకు తొమ్మిది అన్నమాట. అల్లే పద్ధతిలో మాత్రం రెండు వరుసలకు ఎనిమిది తగ్గించమంటారు. ఆ ఒక్క కుట్టు తేడా వల్లే శిఖరం పూర్తిగా చదును కాకుండా, తల ఆకారానికి తగినట్టు మెల్లగా డొప్పలా లేస్తుంది. 88ని ఎనిమిది భాగాలు చేస్తే భాగానికి 11 కుట్లు. వరుస విడిచి వరుస ఒక్కో భాగంలో ఒక్కో కుట్టు తగ్గిస్తూ పోతే 20 వరుసల్లో ఎనిమిది కుట్లు మిగులుతాయి. వాటిలోంచి పోగును దూర్చి బిగిస్తే శిఖరం మూసుకుంటుంది. ఇదే ఎనిమిదికి బదులు నాలుగే తగ్గిస్తే కోసుగా, పొడవుగా లేస్తుంది. క్రిస్మస్ తాత టోపీ ఆకారం అలా వచ్చేదే. తగ్గించడం మాని, వృత్తానికి కావలసిన దానికన్నా ఎక్కువ కుట్లు పెంచుతూ పోతే బట్ట కోడిజుట్టు పువ్వులా అలలు అలలుగా ముడతలు పడుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా తైమిన్యా 1997లో ఈ ఉపాయంతోనే, కాగితం మీద గీయడం కష్టమైన అతిపరావలయ తలాన్ని, అంటే ప్రతి చోటా గుర్రపు జీనులా వంగే ఉపరితలాన్ని, క్రోషా సూదితో అల్లి విద్యార్థుల చేతిలో పెట్టారు.

టోపీ పూర్తయ్యేసరికి దాదాపు 4,000 కుట్లు, 75 మీటర్లకు పైగా ఊలు, 40 గ్రాముల బరువు. వెచ్చదనం ఈ 40 గ్రాములది కాదు. బట్ట మందం 3 మిల్లీమీటర్లు, విస్తీర్ణం సుమారు 700 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఘనపరిమాణం 210 ఘన సెంటీమీటర్లు. అందులో పోగు ఆక్రమించేది 34 మాత్రమే. ఆరింట అయిదు వంతులు గాలే. కదలకుండా నిలిచిన గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది, ఉచ్చులూ వాటి చుట్టూ లేచిన నూగూ ఆ గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఈదురుగాలి వీస్తే ఉచ్చుల సందుల్లోంచి ఆ గాలి కొట్టుకుపోతుంది కాబట్టే చెవుల మీద అంచును రెండు మడతలు వేస్తాం. ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక వ్యాసంలో వివరించింది. పెద్దవారి తల శరీర ఉపరితలంలో పదో వంతు ఉంటే, పోయే వేడి కూడా ఇంచుమించు అంతే. పసిపిల్లల్లో మాత్రం తల భాగం అయిదో వంతుకు దగ్గరగా ఉంటుంది. టోపీ పెద్దలకన్నా వారికే ఎక్కువ అవసరం.

ఇంతవరకు చెప్పినదంతా ఉచ్చు చేసే పని. పోగు దేనితో తయారైందన్నది రెండు చోట్ల మాత్రం గట్టిగా లెక్కకు వస్తుంది. ఆ రెండూ భోగి నాడే ఎదురవుతాయి. ఒకటి నీరు, రెండోది నిప్పు.

మనం ఊలు అని కొనేది చాలావరకు అక్రిలిక్, అంటే పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ నార. మన నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద ఉండేది వెంట్రుకే తప్ప ఉన్ని కాదు. నిజమైన ఉన్ని మన తలవెంట్రుకల మాదిరిగానే కెరటిన్ అనే ప్రోటీను. అది తన బరువులో మూడో వంతు వరకు తేమను ఆవిరి రూపంలో లోపలికి తీసుకున్నా తడిగా అనిపించదు, పైగా ఆ తేమను పీల్చేటప్పుడు కొద్దిగా వేడిని విడుదల చేస్తుంది. అక్రిలిక్ నార తేమను దాదాపు తీసుకోదు, నీరు పోగుల సందుల్లో గాలి ఉండవలసిన చోట నిలుస్తుంది. నీరు వేడిని గాలి కన్నా 20 రెట్లకు పైగా వేగంగా దాటనిస్తుంది. నలుగు పెట్టి తలంటు పోశాక, తడి ఆరకముందే పిల్లలకు ఈ టోపీ తొడిగితే చలి ఆగడానికి బదులు పెరుగుతుంది. జుట్టు పూర్తిగా ఆరబెట్టాకే తొడగాలి.

నిప్పు విషయం ఇంకా ముఖ్యం. ఒక పదార్థం మండుతూ ఉండాలంటే చుట్టూ ఉన్న గాలిలో కనీసం ఎంత శాతం ఆక్సిజన్ కావాలో ప్రయోగశాలల్లో కొలుస్తారు. ఉన్నికి అది దాదాపు 25, అక్రిలిక్‌కు 18. మనం పీల్చే గాలిలో ఉన్నది 21. కాబట్టి నిప్పురవ్వ పడితే ఉన్ని కమిలి, మంట తీసేయగానే తనంతట తానే ఆరిపోతుంది. అక్రిలిక్ అంటుకుంటే ఆగదు, మండుతూ కరిగి, చర్మానికి అతుక్కుంటుంది. టోపీ కొసన కట్టే కుచ్చులో పోగుల కొనలన్నీ విడివిడిగా గాలిలో ఉంటాయి కనుక ముందుగా అంటుకునేది అదే.

కొన్న ఉండ ఏదో తేల్చుకోవడానికి జానెడు పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని, పెరట్లో దీపం మంటకు చూపించాను. నీళ్ల చెంబు పక్కనే ఉంచుకున్నాను. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. నా పోగు చటుక్కున అంటుకుని, నల్లని గట్టి పూసగా ముడుచుకుంది. ఆ బంతిపువ్వు రంగు టోపీ భోగిపళ్లు పోసే సాయంత్రానికి పక్కన పెట్టాను. మంట దగ్గరకు తీసుకువెళ్లడానికి అసలైన ఉన్ని తెప్పించి, అవే 88 కుట్లతో, కొసన కుచ్చు లేకుండా రెండోది ఎక్కించాను.