మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగాలు: గొయ్యా, గనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకే వారంలో రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది మా అన్నయ్య కూతురు. ఇంజినీరింగ్ అయి ఒక సర్వీస్ కంపెనీలో చేరింది. ట్రైనింగ్‌లో జావా వస్తుందని ఆశపడితే మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్) ఇచ్చారట. "బాబాయ్, నా కెరీర్ అయిపోయినట్టేనా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. రెండోది నా పాత రూమ్మేట్. టెస్టింగ్‌లో పద్నాలుగేళ్లు చేశాడు, ఈ మధ్యే ఉద్యోగం పోయింది. "ఒరేయ్, అమెరికాలో ఆ మెయిన్‌ఫ్రేమ్ భాష కోబాల్ వచ్చినవాళ్లు దొరక్క అల్లాడుతున్నారట కదా, మూడు నెలల్లో నేర్చేసుకుంటే ఎలా ఉంటుంది?" అన్నాడు.

ఆ పిల్లకి గొయ్యిలా కనబడింది వీడికి గనిలా కనబడుతోంది. పాతికేళ్లుగా ఆ కూడే తింటున్నవాణ్ణి కాబట్టి ఇద్దరికీ చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అదంతా చచ్చిపోయిన టెక్నాలజీ

కోబాల్ 1959లో మొదలైన మాట నిజమే. కానీ అది నడిచే యంత్రం పాతది కాదు. ఐబీఎం 1964లో సిస్టమ్/360ని ప్రకటించింది. ఆ వంశంలో తాజాది జెడ్17, 2025లో వచ్చింది. దాని చిప్‌లోనే ఏఐ లెక్కలు చేసే భాగం ఉంది. అయినా 360 కాలంలో రాసిన ప్రోగ్రామ్‌లు చాలావరకు ఇప్పటికీ దాని మీద నడుస్తాయి. భాష కూడా ఆగిపోలేదు, కొత్త ప్రమాణం 2023లో వచ్చింది.

పని కూడా పాతదాన్ని తుడుచుకుంటూ కూర్చోవడం కాదు. ఐబీఎం కోబాల్ కంపైలర్ (రాసిన కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) 4.2కి 2022 ఏప్రిల్‌లో సపోర్ట్ ఆగింది, అందరూ వెర్షన్ 6కి మారాల్సి వచ్చింది. అంకెలుండాల్సిన చోట చెత్త ఉన్నా ఏళ్లతరబడి గుట్టుగా నడిచిపోయిన ప్రోగ్రామ్‌లు కొత్త కంపైలర్‌లో వేరే జవాబు ఇవ్వడం మొదలుపెట్టాయి. వాటిని వెతికి పట్టుకోవడానికే మాకు ఏడాదిన్నర పట్టింది.

అపోహ: కోబాల్ వస్తే చాలు, అడిగినంత ఇస్తారు

ఇది 2020 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. కోవిడ్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ మాకు కోబాల్ తెలిసినవాళ్లు కావాలని ప్రెస్‌మీట్‌లో అడిగారు. ఆయన అడిగింది వాలంటీర్లని! ఈ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ప్రపంచంలో ఎంత కోబాల్ ఉందన్న లెక్కలూ అలాంటివే. ఒకచోట 22,000 కోట్ల లైన్లంటారు, ఇంకోచోట 80,000 కోట్లంటారు. రెండూ అంచనాలే, వాటిని చూసి కోర్సులో చేరకండి.

అసలు సంగతేంటంటే, కోబాల్ భాష నెల రోజుల్లో వస్తుంది. ఎవరికైనా వస్తుంది. ఒక రాత్రి సంగతి చెప్తాను. ఒంటిగంటన్నరకి ఆన్‌కాల్ ఫోన్ మోగింది. వడ్డీ లెక్కగట్టే బ్యాచ్ జాబ్ (రాత్రిపూట వరసగా దానంతటదే నడిచే పని) 'సాక్ సెవెన్' ఎర్రర్ కొట్టింది. అంటే అంకెలుండాల్సిన ఫీల్డ్‌లో అంకెలు కానిదేదో ఉంది, దానితో లెక్క చేయబోయి ప్రోగ్రామ్ పడిపోయింది. రెండేళ్ల అనుభవమున్న కుర్రాడు డంప్ (పడిపోయిన క్షణంలో మెమరీలో ఉన్నదాని కాపీ) చూసి పావుగంటలో పట్టేశాడు. ఒక రికార్డులో మొత్తం ఉండాల్సిన చోట ఖాళీలున్నాయి. "సార్, ఆ రికార్డ్ తీసేసి రీస్టార్ట్ చేసేయనా?" అన్నాడు.

అక్కడే ఉంది తిరకాసు. తీసేస్తే ఈ జాబ్ నడుస్తుంది, కానీ తర్వాత మూడో జాబ్‌లో టోటల్స్ టాలీ కావు. అది ఆగితే జనరల్ లెడ్జర్ (బ్యాంకు మొత్తం లెక్కల పద్దు) ఫైల్ పొద్దున ఆరుకి వెళ్లదు. ఆ ఖాళీలు పంపిన సిస్టమ్ ఏదో, అక్కడ ఎవర్ని లేపాలో, ఆ రికార్డ్‌ని సస్పెన్స్ ఖాతాకి (లెక్క తేలనివి తాత్కాలికంగా పెట్టే ఖాతా) మళ్లించవచ్చో లేదో తెలియాలి. ఇదేదీ కోబాల్ పుస్తకంలో ఉండదు. జీతం ఇచ్చేది దానికే. అందుకే మంచి జాబ్ నోటిఫికేషన్లలో కోబాల్ ఒక్క మాటగా ఉంటుంది. మిగతాదంతా క్రెడిట్ కార్డుల వ్యాపారం తెలియాలి, ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ తెలియాలి, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల అనుభవం కావాలి అనే గొడవ.

నిజంగా మనుషులు దొరకనిది వేరే చోట. ఆపరేటింగ్ సిస్టమ్‌నే చూసుకునే సిస్టమ్స్ ప్రోగ్రామర్లు, యంత్రభాషకి దగ్గరగా ఉండే అసెంబ్లర్ చదవగలిగేవాళ్లు, ఐబీఎం పాత డేటాబేస్ ఐఎంఎస్ తెలిసినవాళ్లు, విమానాల రిజర్వేషన్లు నడిపే జెడ్/టీపీఎఫ్ సిస్టమ్ వాళ్లు. కంపెనీలు ఇరవై ఏళ్లుగా కొత్తవాళ్లని తయారుచేయడం మానేసి, ఇప్పుడు కొరత అంటున్నాయి. అదీ తామివ్వదలుచుకున్న రేటుకి దొరకడం లేదని.

అపోహ: మన బ్యాంకులన్నీ కూడా దాని మీదే నడుస్తున్నాయి

లేదు. మన బ్యాంకులు ఆలస్యంగా కంప్యూటర్లలోకి వచ్చాయి, ఎక్కువగా ఫినాకిల్, టీసీఎస్ బ్యాంక్స్ (BaNCS), ఫ్లెక్స్‌క్యూబ్ లాంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు పెట్టుకున్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని మేం చూసే మెయిన్‌ఫ్రేమ్‌లు చాలావరకు అమెరికా, యూరప్ బ్యాంకులవి, ఇన్సూరెన్స్ కంపెనీలవి. అందుకే నైట్ షిఫ్ట్. అక్కడ క్లయింట్ వెండర్‌ని మారిస్తే ఇక్కడ నలభై మంది బెంచ్ మీదికొస్తారు, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా కూర్చుంటారు. ఇప్పుడు ఆ క్లయింట్లలో కొందరు హైదరాబాద్‌లోనే సొంత సెంటర్లు పెట్టుకుంటున్నారు, అది కొంచెం మేలు.

అపోహ: వైటూకే రోజులు మళ్లీ వస్తాయి

1998లో అమీర్‌పేటలో నేర్చుకున్నాను నేను. మైత్రీవనం చుట్టూ గోడలనిండా కోబాల్, సీఐసీఎస్ (మెయిన్‌ఫ్రేమ్‌లో ఆన్‌లైన్ లావాదేవీలు నడిపేది), డీబీటూ (డేటాబేస్) బోర్డులే. మా ఇన్‌స్టిట్యూట్‌లో టెర్మినల్స్ తక్కువ, రాత్రి రెండింటికి స్లాట్ ఇచ్చినా లేచి వెళ్లేవాళ్లం. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన ప్రోగ్రామ్‌లన్నీ 2000 జనవరిలోపు సరిచేయాలి, వైటూకే అంటే అదే; మనుషులు చాలడం లేదు. అమెరికా హెచ్1బీ కోటాని 65,000 నుంచి 1,15,000కి పెంచింది కూడా ఆ రోజుల్లోనే. మా బ్యాచ్‌లో సగం మంది ఎగిరిపోయారు.

తర్వాత కథ ఎవరూ చెప్పరు. గడువు దాటింది, వెంటనే ఇంటర్నెట్ కంపెనీల డాట్‌కామ్ బుడగ కుప్పకూలింది. డేట్ ఫీల్డులు మార్చడమొక్కటే వచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండా వెనక్కొచ్చారు. ఆ ప్రోగ్రామ్ ఏ వ్యాపారం కోసం నడుస్తోందో పట్టించుకున్నవాళ్లు మాత్రం అక్కడే పాతుకుపోయారు. అలాంటి ఒకే తేదీ, ఒకే గడువు ఇప్పుడు లేదు. అన్నట్టు, మేం చేసిన సవరణల్లో కొన్ని పక్కా పని కావు. 00 నుంచి 49 దాకా ఉంటే 2000లు, ఆపైన 1900లు అనుకోమని రాసేసి చేతులు దులుపుకున్నాం. 2050లో ఎవరు చూస్తారో వాళ్లకి ముందే క్షమాపణలు.

అపోహ: ఏఐ అంతా జావాలోకి మార్చేస్తుంది, ఇంకో రెండేళ్లే

"ఇంకో రెండేళ్లే" అన్న మాట 2003 నుంచి వింటున్నాను. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి ఒకే వారాంతంలో మారబోయింది. దాదాపు 19 లక్షల మంది ఖాతాదారులు తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. 2022 డిసెంబర్‌లో 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా పడింది. ఆస్ట్రేలియాలో కామన్వెల్త్ బ్యాంక్ మాత్రం విజయవంతంగా మారింది, కానీ ఐదేళ్లు, వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా పట్టింది.

అలాగని ఏఐని కొట్టిపారేయను. కోబాల్‌ని జావాగా మార్చే సాధనాన్ని ఐబీఎమ్మే 2023లో ప్రకటించింది. నేనూ ఇలాంటివి వాడుతున్నాను. ముప్పై ఏళ్ల కిందటి పేరాగ్రాఫ్ (కోబాల్‌లో కోడ్ ముక్కని అలా అంటాం) ఏం చేస్తోందో చక్కగా విడమరిచి చెప్తాయి. కోడ్ మార్చడం సులువైంది. కష్టమంతా పాత సిస్టమ్ ఇచ్చిన ప్రతి పైసా కొత్తదీ ఇస్తోందని తేల్చడంలో ఉంది. దెబ్బ మాత్రం ఒకటి తగులుతోంది. డాక్యుమెంటేషన్, చిన్న చిన్న మార్పులు ఫ్రెషర్లకి ఇచ్చేవాళ్లం, అవి తగ్గిపోతున్నాయి. చేతికి పని తగలకపోతే పిల్లలు నేర్చుకునేదెట్లా? దీనికి నా దగ్గర జవాబు లేదు.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లని కదిలించరు

కదిలిస్తారు. నా పాత కంపెనీలో నలభై ఏడేళ్ల సీనియర్‌ని మూడు నెలలు కేటీ (తన పని ఇంకొకరికి నేర్పడం) ఇప్పించుకుని పంపించేశారు. ఆరు నెలలకి బ్యాచ్ రోజూ పడిపోతుంటే ఆయన్నే కాంట్రాక్ట్ మీద పిలిచారు. ఆయన వెళ్లాడు, రేటు మాత్రం తనే చెప్పాడు.

ఇక ఆ ఇద్దరికీ ఏం చెప్పానంటారా? "ఏడవకు తల్లీ, రెండేళ్లు ఉండు. జాబ్‌లు నడిపించే జేసీఎల్, అందులో పడిపోయిన జాబ్‌ని రీస్టార్ట్ చేయడం, డీబీటూ గట్టిగా పట్టు. ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో అసలు మెయిన్‌ఫ్రేమ్ మీద ఉచితంగా ప్రాక్టీస్ చెయ్యొచ్చు. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లో మెయిన్‌ఫ్రేమ్‌కి కలిపే జోవీ ఉంది, కోడ్ మార్పులు దాచే గిట్ ఉంది, అవీ నేర్చుకో. మెయిన్‌ఫ్రేమ్ అంటే ఆ పాత పచ్చ అక్షరాల స్క్రీన్ ఒక్కటే అనుకోకు" అన్నాను.

రూమ్మేట్‌కి వేరే చెప్పాను. "కోబాల్ వద్దురా. పద్నాలుగేళ్లు ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ టెస్ట్ చేశావు. పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారే ప్రాజెక్టుల్లో రెండింటి జవాబులూ పోల్చి చూసేవాళ్లు కావాలి. రెజ్యూమె అటు తిప్పు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు: "మరి కోర్సుకి కట్టిన పదిహేను వేల అడ్వాన్స్ వెనక్కిస్తారంటావా?"