వెలితి ఉందంటే దారి తప్పినట్టేనా?

తత్త్వశాస్త్రం పాఠాలు చెప్పి బతికేవాణ్ణి. కొన్నేళ్ళుగా సాయంత్రాలు కౌన్సెలింగ్‌కి కూడా కూర్చుంటున్నాను. డాక్టర్ని కాను, మందులు రాయను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నలభై దాటినవాళ్ళే. ఎవరి కథ వాళ్ళదే గానీ చివరికి అడిగేది మాత్రం ఒకటే: "అన్నీ ఉన్నాయి సార్, అయినా ఏదో వెలితి. ఎక్కడో తప్పు దారి పట్టానేమో?" ఈమధ్య ఒకాయన రాజీనామా లేఖ ఫోన్లో టైప్ చేసుకుని మరీ వచ్చారు, పంపే ముందు ఓ మాట అడుగుదామని. మనసులోనే దండం పెట్టుకున్నాను. చాలామంది పంపేశాక వస్తారు.

అపోహ: వెలితిగా ఉందంటే ఎంచుకున్న జీవితమే తప్పు. మార్చేస్తే సరిపోతుంది.

మనుషుల్ని నిలువునా ముంచేది ఇదే. ఉద్యోగాలు, కాపురాలు, ముప్పై ఏళ్ళ స్నేహాలు దీని దెబ్బకి పోవడం చూశాను. మార్చుకున్న రెండేళ్ళకి అదే వెలితి కొత్త ఇంట్లోకీ వచ్చి కూర్చుంటుంది.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ సంగతి చూడండి. సమాజ సంస్కరణే ధ్యేయంగా పెరిగినవాడు. 1826లో తనకు తానే ఒక ప్రశ్న వేసుకున్నాడు: నేను కోరుకున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే జరిగిపోతే సంతోషంగా ఉంటానా? లోపలి నుంచి వచ్చిన జవాబు "ఉండను". దాంతో కుప్పకూలిపోయాడు. అప్పటికి అతని వయసు ఇరవై. నడివయసూ కాదు, ఎంచుకున్న దారి తప్పూ కాదు. తేరుకున్నాక అదే దారిలో నడిచాడు. 1867లో బ్రిటిష్ పార్లమెంటులో స్త్రీలకు ఓటు హక్కు కోసం సవరణ పెట్టింది కూడా అతనే. మధ్యలో అతన్ని నిలబెట్టినవాటిలో వర్డ్స్‌వర్త్ కవితలున్నాయి. చదవడం పూర్తిచేసి పక్కన పడేసే సరుకు కాదు కదా కవిత్వం.

అసలు కిటుకు ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ దగ్గరుంది. ఆయన పనుల్ని రెండు రకాలుగా చూశాడు. ఇల్లు కడుతున్నంతసేపూ ఇల్లు పూర్తి కాలేదు, పూర్తయిందా, కట్టడమనే పని ఇక లేదు. చూడటం అలా కాదు. చూస్తున్నవాడు ఆ క్షణంలోనే చూసినవాడు కూడా. ఆలోచించడమూ అంతే. మొదటి రకానికి కైనెసిస్ అనీ రెండోదానికి ఎనర్జియా అనీ పేర్లు. మొదటి రకం పని ఎంత బాగా చేస్తే అంత త్వరగా చేజారిపోతుంది. చదువు, ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు, పిల్లల చదువులు అన్నీ ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చినవాడికి నలభై అయిదొచ్చేసరికి జాబితాలో టిక్కులే మిగులుతాయి. అది ఓటమి కాదు, గెలిచినవాడికే వచ్చే చిక్కు. దీనికి మందని ఇంకో జాబితా రాసుకోవడమే రాజీనామా లేఖల వెనకున్న కథ.

ఇదంతా నాకేదో పుట్టుకతో తెలుసనుకోకండి. తొమ్మిదేళ్ళు చెమటోడ్చి ఒక పుస్తకం రాశాను. అచ్చయి చేతికొచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో మాత్రం కాదు. నెల తిరక్కుండా వేరే ఉద్యోగానికి దరఖాస్తు కూడా నింపాను. ఆ వారమే పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక కుర్రాడు అరిస్టాటిల్ ప్రశ్నకి ఇలా రాశాడు: "ఇల్లు అయిపోతే మేస్త్రీకి పని ఉండదు, అందుకే అతను దిగులుగా ఉంటాడు." సిలబస్ ప్రకారం సగం మార్కులేసి, పెన్ను కింద పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఏళ్ళ తరబడి నేను చెప్పిన పాఠం నాకు అర్థం చేయించింది వాడే. మిగతా సగం మార్కులు కలపలేదన్నది ఇప్పటికీ గుచ్చుతుంది.

రాజీనామా ఆయన్ని అడిగింది ఒకటే: మీ పనిలో, ఫలితం సంగతి పక్కన పెట్టినా చేయాలనిపించేది ఏదైనా ఉందా? చాలాసేపు ఆలోచించి, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పడం అన్నారు. మేనేజర్ అయ్యాక ఆరేళ్ళుగా అది చేయలేదట. ముందు అది మళ్ళీ మొదలుపెట్టమన్నాను. లేఖ చెరపమనలేదు, ఉండనివ్వమన్నాను. ఒక్కమాట: అవమానమో హింసో ఉన్నచోట ఈ లెక్కలేవీ వద్దు, బయటికి రండి.

"ఆ రోజు సంగీతం వదలకపోయి ఉంటే" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళూ వస్తారు. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. రెండు మంచివాటిలో ఒకటి పట్టుకుంటే రెండోది పోతుంది, పోయినదానికి బాధ ఉంటుంది. ఆ బాధ ఉందని పట్టుకున్నది చెడ్డదైపోదు. ఏ బాధా లేకుండా బతకాలంటే లోకంలో ఒక్కటే మంచి వస్తువుండాలి.

అపోహ: తత్త్వం అంటే వైరాగ్యం, అన్నీ వదిలేయడం.

గీతలో "కర్మణ్యేవాధికారస్తే" అందరికీ నోటికొచ్చు. అదే శ్లోకం చివర "మా తే సంగోఽస్త్వకర్మణి" అని ఉంది, పని మానేయడం మీద మమకారం పెంచుకోకు అని. వదిలేసి వెళ్ళిపోతానన్నది అర్జునుడు, వద్దన్నది కృష్ణుడు. వాట్సాప్‌లో సగం శ్లోకం పంపేవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పాలో!

అపోహ: స్టోయిక్ అంటే రాయిలా ఉండాలి.

స్టోయిక్ అంటే మన చేతిలో లేనివాటికి కుంగిపోకూడదనే పాత గ్రీకు తత్త్వాన్ని పాటించేవాడు. వాళ్ళలో పేరున్నవాడు, తర్వాత రోమన్ చక్రవర్తి అయినవాడు మార్కస్ అరీలియస్. గురువు పోతే అతను ఏడుస్తున్నాడట. సేవకులు ఆపబోతే, పెంపుడు తండ్రి, అప్పటి చక్రవర్తి అంటోనైనస్ అడ్డుకుని, వాణ్ణి మనిషిగా ఉండనివ్వండి, తత్త్వమైనా సామ్రాజ్యమైనా మమకారాన్ని తీసేయలేవు అన్నాడని పాత చరిత్ర చెబుతుంది.

అపోహ: మిడ్‌లైఫ్ క్రైసిస్, అంటే నడివయసులో వచ్చే ఈ కలత, అందరికీ వస్తుంది.

రాదు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన మనోవిశ్లేషకుడు ఎలియట్ జాక్స్ 1965 వ్యాసం కళాకారుల జీవితాల నుంచి మొదలైంది, జనాభా లెక్కల నుంచి కాదు.

అపోహ: ఇది మనసు సంగతే, మాట్లాడితే చాలు.

రెండు వారాలుగా నిద్రా ఆకలీ లేకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు కాదు, ఈ రోజే. థైరాయిడ్ కూడా చూపించుకోండి. నా దగ్గరికి తర్వాత రావచ్చు, అరిస్టాటిల్ ఎక్కడికీ పోడు.

అపోహ: నలభై దాటితే బుర్ర తగ్గుముఖమే.

శరీరం ముప్పై నుంచి ముప్పై అయిదులో, మనసు దాదాపు నలభై తొమ్మిదిలో ఉచ్చస్థితిలో ఉంటాయని అరిస్టాటిలే రాశాడు. ఆ లెక్క ఎలా కట్టాడో చెప్పలేదు. నాకు యాభై రెండు, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన పొరబడ్డాడనే నా వాదన.